మిద్దె మీది రెండు కుండీలు

మా ఇంటి తొట్టి నేల మీద నేను సుద్దముక్కతో గీతలు గీసేవాణ్ణి. బెంగళూరు పేటలో మాది పాత ఇల్లు. ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా తెరిచి ఉంచిన చదరాన్ని మేము తొట్టి అనేవాళ్ళం. వాన వస్తే అక్కడే పడేది, ఎండ వస్తే అక్కడికే దిగేది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఎండ ఎంతవరకు పాకిందో చూసి, గోడవైపు ఒక గీత, వంటింటివైపు ఒక గీత గీసి, పక్కన నెల పేరు రాసేవాణ్ణి. అమ్మ కడిగేసేది. నేను మళ్ళీ గీసేవాణ్ణి. ఏ కుండీ ఏ గీత లోపల ఉండాలో నా డైరీలో ఉండేది.

ఆ డైరీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అట్టలు ఊడిపోతున్నాయి, బైండు చేయిద్దామని ఈ మధ్య బయటికి తీశాను. యుద్ధకాలంలో రాసినవి మిగతావాటికంటే చిన్నవి. కాగితం దొరక్క అక్షరాలు కుదించి రాసిన రోజులు. తిరగేస్తూ శనివారాల దగ్గర ఆగిపోయాను. ప్రతి శనివారం కింద ఒకే వాక్యం: "పూలవెన్నులు తీసితిని." దాని పక్కన ఒక అంకె. ఏడు, తొమ్మిది, పదకొండు. రెండేళ్ళకు పైగా ఒక్క వారం కూడా తప్పలేదు. ఆ అంకెల గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పద్నాలుగో ఏట పెళ్ళి చేసుకుని హిందూపురం వైపు ఒక పల్లెకు కాపురానికి వెళ్ళింది. ఆమెకు ఇరవై నిండకముందే బావ పోయాడు. పిల్లలు లేరు. నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. నాన్న పట్టుచీరలు నేసేవాడు. అక్క తిరిగి వచ్చిన కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. మగ్గం ఇంకొకరికి ఇచ్చేశాం, నేను సర్వే కచేరీలో గుమాస్తాగా చేరాను. ఇంట్లో అమ్మ, అక్క, నేను మిగిలాం.

పెళ్ళికి ముందు అక్క నాన్న పక్కన కూర్చుని రంగు పట్టు చిక్కులు విడదీసేది. ఏ చీర ఒంటిరంగుకు ఏ అంచు నప్పుతుందో ఆమె చెబితే నాన్న వినేవాడు. తెల్లచీరతో తిరిగి వచ్చాక ఆమె చేతికి రంగు అన్నది తగల్లేదు.

మధ్యాహ్నాలు మా వీధికి పూలామె వచ్చేది. వీధి మొదటి నుంచి అందరితో వేళాకోళాలాడుతూ, మూరలు కొలుస్తూ వచ్చేది. ఆమె గొంతు మా గడపకు దగ్గరపడగానే అక్క చేతిలో పని వదిలి పెరట్లోకి వెళ్ళిపోయేది. సెలవు రోజుల్లో నేనిది గమనించాను. గమనించినదంతా రాసుకునే అలవాటు కాబట్టి ఇదీ రాసుకున్నాను: "పువ్వులు చూచిన అక్కకు మనసు కష్టపడుచున్నది." ఎందుకు వెళ్తున్నావని ఆమెను అడగలేదు.

పెరట్లో రెండు కుండీల్లో కనకాంబరం చెట్లుండేవి. ఒక ఆదివారం వాటిని మోసుకెళ్ళి పక్కవీధిలో తెలిసినవాళ్ళకు ఇచ్చేశాను. అమ్మ సాయంత్రం దాకా సణిగింది.

"దేవునికి నాలుగు పువ్వులు లేకుండా చేసినావు కదప్పా! ఇంగ నీ డైరీ చించి పెట్టల్ల పటానికి."

అక్క ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఆమెకు ఊరట కలిగిందని నేను అనుకున్నాను. అదీ రాసుకున్నాను.

కానీ ఇల్లు బోసిపోయింది. అక్కకు చేతినిండా పని ఉండేది గానీ, కంటికి చూసుకోవడానికి ఏమీ లేదు. మా వీధి చివర నాన్న స్నేహితుడు ఒక ముసలాయన ఉండేవాడు. దండు వైపు, అంటే కంటోన్మెంటులో, దొరల బంగళాల్లో తోటపని చేసేవాడు. ఆయన దగ్గరికి వెళ్ళి పువ్వు పూయని మొక్క ఒకటి కావాలన్నాను. ఆయన బీడీ పక్కన పెట్టి నవ్వాడు.

"జనమంతా పువ్వులు కావాలని వస్తారు. నువ్వొగనివి పుయ్యంది కావాలంటావు. బతికుండేది ఏదన్నా పుయ్యకుండా ఉంటాదా అప్పా?"

"ఆకే చూడ్డానికి బాగుండేది ఏదైనా ఉంటే చెప్పు తాతా."

"ఉండాది. దొరసాన్లు కోలియస్ అంటారు. ఆకే పువ్వు మాదిరి ఉంటాది, ఎన్ని రంగులు కావాలంటే అన్ని. అదీ పూస్తాదిలే. పైన పూల ఎన్ను లేస్తాది. లేస్తూనే గిల్లెయ్యల్ల. గిల్లకుంటే ఆకు బక్కగై, రంగు పోయి, మొక్క తొందరగా ముసల్దైపోతాది."

గిల్లేస్తే సరిపోతుంది. నాకు కావలసింది అదే.

ఆయన తడిగుడ్డలో చుట్టి, అరటిదొప్పలో పెట్టి కొమ్మలు తెచ్చేవాడు. మొదటిసారి తెచ్చిన మూడు కొమ్మలూ తొట్టి అరుగు మీద పరిచాడు. అక్క వంటింటి గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత వచ్చి కూర్చుంది. ఒక ఆకు తిరగేసి, ఎండకు ఎత్తి చూసింది.

"అడుగు చూడకుండా ఎట్ల తీసుకుంటావప్పా? పట్టును తిరగేస్తేనే కదా నేత తెలిసేది. దీనికి అడుగున కూడా ఎరుపు దిగుండాది. ఇది నిలుస్తాది. ఆ పక్కది వద్దు, పైపూతే."

ముసలాయన నన్ను చూసి కళ్ళెగరేశాడు. "మీ నాయన మాటే ఇది," అన్నాడు.

ఆ రోజు నుంచి రకాల ఎంపిక అక్కది, లెక్క నాది. కొమ్మలను మొదట నీళ్ళసీసాలో పెట్టేది. తెల్లటి వేళ్ళు చిటికెనవేలి గోరంత అయ్యాక ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఆకు ఎరువు కలిపి నాటేది. కుండీలు చాలక పాత డబ్బాల అడుగున చిల్లులు పొడిచి ఇచ్చేవాణ్ణి. నీళ్ళ దగ్గర మాకు పేచీ వచ్చేది. రోజు విడిచి రోజు ఒక చెంబు అని నేను రాసి పెట్టాను. అక్క వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూసి పోసేది, లేదా పోయకుండా వదిలేసేది.

"ఈ పొద్దు పొయ్యాల్సిన దినం అక్కా. రాసుండాను చూడు."

"నీ పుస్తకానికి తెలుస్తాదా దానికి దప్పిగ్గా ఉండేదీ లేనిదీ? చాల్లే పో, కచేరీకి పొద్దయింది."

ఒక్కో రకానికి పట్టు రంగుల పేర్లే పెట్టింది. నెమలికంఠం, మామిడిపండు, వంకాయ రంగు, చింతచిగురు. ఏడాది తిరిగేసరికి తొట్టి చుట్టూ పదకొండు రకాలయ్యాయి. కోలియస్ కాకుండా మచ్చల ఆకుల కలాడియం ఒకటి, వెండిపూత పూసినట్లుండే బెగోనియా ఒకటి. అక్క పొద్దున్నే ముఖం కడుక్కుని మొదట వాటి దగ్గరికి వెళ్ళేది. మాట కూడా కొంచెం పెరిగింది. అమ్మతో పోట్లాడేంత పెరిగింది. నాకు సంతోషంగా ఉండేది.

ఒకసారి ముసలాయన ఇంకో రకం బెగోనియా తెచ్చాడు. దానికి గులాబీరంగు పూలగుత్తులు వేలాడుతున్నాయి. అక్క దాని ముందు కూర్చుని ఒక గుత్తి కింద అరచెయ్యి పెట్టింది. "ఇది వద్దు తాతా, ఇది పూసేది," అన్నాను. అక్క చెయ్యి తీసేసి లేచింది. ఆయన దాన్ని తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

శనివారం కచేరీ ఒంటిపూట. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కుండీ తర్వాత కుండీ చూసి లేచిన వెన్నులన్నీ బొటనవేలి గోటితో గిల్లేసేవాణ్ణి. కోలియస్ వెన్ను చిన్నది, జొన్న వెన్నులా నిలువుగా లేస్తుంది, నీలం పూలు విచ్చుకోకముందే కనిపెట్టాలి. అక్క వంటింట్లోంచి కేక వేసేది.

"ఈ పొద్దు ఎన్ని తలకాయలు తీసినావప్పా?"

"తొమ్మిది."

"పాపం. అవేం తప్పు చేసినాయో ఏమో."

నేను నవ్వి, అంకె రాసుకునేవాణ్ణి.

రెండో ఏడాది ఎండాకాలంలో ఒక సాయంత్రం ముసలాయన అక్కతో మాట్లాడుతుంటే నేను పక్కనే కూర్చుని కచేరీ కాగితాలు సరిచూసుకుంటున్నాను. ఆ మాటలు నా చెవిన పడ్డాయి, ఆ రోజు పేజీలో రాసి కూడా ఉన్నాయి. రాయడం, వినడం ఒకటి కాదని నాకు అప్పుడు తెలియదు.

"కొమ్మ నాటితే అదే మొక్క వస్తాదమ్మా," అంటున్నాడాయన. "కొత్త రకం కావాలంటే విత్తనమే పట్టల్ల. రెండు రకాలు పక్కపక్కన పెట్టి పుయ్యనిస్తే తేనెటీగ తన పని చేసుకుపోతాది. ఇంగ ఒక్కో విత్తనానికి ఒక్కో రంగు. ఏది వస్తాదో ఎవురూ చెప్పలేరు."

"విత్తనం ఎంత ఉంటాది తాతా?"

"నలుసంత. మన్ను కప్పకూడదు. పైన చల్లి వదిలెయ్యల్ల. వెలుగు తగిలితేనే మొలుస్తాది."

"వంకాయ రంగు ఒంటికి చిలకపచ్చ అంచు వస్తాదా?"

"రావచ్చు, రాకపోవచ్చు. ఆ రంగే ఎందుకమ్మా?"

"సుమ్మనే అడిగినా."

ఎందుకో నాకు తెలుసు. నాన్న ఆమె పెళ్ళికి నేసిన చీర అది. బావ పోయాక అత్తవారింట్లోనే ఉండిపోయింది.

ఆ ఏడు వానలు కొంచెం తగ్గాక అక్క అత్తవారి నుంచి ఉత్తరం వచ్చింది. బావకు అన్న అయిన పెద్దబావ భార్య జ్వరంతో పోయింది, ముగ్గురు చిన్నపిల్లలు, ఇంట్లో పొయ్యి వెలిగించే ఆడదిక్కు లేదు, అక్కను పంపమని. అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "వాళ్ళింటి మనిషే కదప్పా," అంది చివరికి. "రేపు నీకు పెళ్ళయితే వచ్చేది ఎట్లాంటిదో. ఆ పిల్లలు పెద్దయితే దీన్ని చూసుకోరా?"

ఇంట్లో మగవాణ్ణి నేనే. జవాబు నేనే రాయాలి. అక్కను అడిగాను.

"పోతావా అక్కా?"

"పొమ్మంటే పోతా."

దీపావళి పోయాక వచ్చి తీసుకెళ్ళమని రాశాను. డైరీలో "అక్క సమ్మతించినది" అని రాశాను. కుండీల గురించి కూడా ఆ రోజే మాట్లాడాం. రైల్లో కుండీలు ఎట్ల పోతాయి, నేను చూసుకుంటాలే అన్నాను. కొమ్మలు తీసుకెళ్ళమన్నాను. "ఆ ఊరి ఎండకు, ఆ గాలికి దారిలోనే వాడిపోతాయి," అంది.

దీపావళికి రెండు వారాల ముందు ఒక శనివారం. మిద్దె మీద తూము పూడిందని అమ్మ చెప్తే ఎక్కాను. మా మిద్దె మీదికి అక్క వడియాలు ఎండబెట్టడానికి వెళ్ళేది తప్ప, మేమెవరమూ వెళ్ళేవాళ్ళం కాదు. పొగగూడు వెనక, కింది నుంచి గానీ మెట్ల మీది నుంచి గానీ కనిపించని చోట, రెండు కుండీలు ఆనించి పెట్టి ఉన్నాయి. ఒకటి వంకాయ రంగు. ఇంకొకటి చిలకపచ్చ అంచుది. రెండింటికీ జానెడేసి వెన్నులు. కింద పూలు రాలి గోధుమరంగు తొడిమలు ఎండుతున్నాయి, పైన ఇంకా నీలంగా పూస్తున్నాయి. తేనెటీగలు ముసురుతున్నాయి. ఆకులు చిక్కి, రంగు వెలిసిపోయి ఉన్నాయి.

నాకు కలిగిన మొదటి ఆలోచన, పాపం, ఎండకు పెట్టి మరిచిపోయింది అని. రెండోది, శనివారమే కదా అని. ఒక్కో వెన్నూ గిల్లి, పిట్టగోడ మీది నుంచి వీధి కాలవలోకి విసిరేశాను. లెక్కపెట్టుకుంటూ విసిరాను. పద్నాలుగు. జేబులోని డైరీలో అక్కడే రాసుకుని, కుండీలు రెండూ చెరో చంకన పెట్టుకుని దిగాను.

అక్క తొట్టి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. కుండీలు ఆమె ముందు దించాను.

"చూడక్కా, మిద్దె మీద మరిచిపోయినావు. ఇంగో వారం ఉండింటే రెండూ చచ్చిపోయేవి. నేను చూసినా కాబట్టి బతికినాయి."

ఆమె చేట ఆపింది. మొక్కల పైభాగం చూసింది.

"ఎన్నులు?"

"తీసేసినా."

"యాడ పారేసినావు?"

"వీధి కాలవలో."

ఆమె లేచి వాకిలి దాకా వెళ్ళింది. ఆ వారం వానలకు కాలవ నిండుగా పారుతోంది. తిరిగి వచ్చి కూర్చుని చేట అందుకుంది. కొంచెంసేపు చెరిగింది.

"ఇంగో పది దినాలు ఉండింటే విత్తనం పండేదప్పా," అంది. "కుండీ అయితే రైల్లో పోదు. విత్తనమైతే కొంగుకు కట్టుకుని పోవచ్చు కదా అనుకున్నా."

నా నోట వచ్చింది తప్పుమాటే. "నాకు చెప్పుంటే నేను గిల్లుతానా?" అన్నాను.

"చెప్పింటే పుయ్యనిచ్చేవానివా? నా కంట పువ్వు పడకూడదని ఇంట్లో పువ్వే లేకుండా చేసినోనివి."

"పూలామె వస్తే నువ్వు లోపలికి పోయేదానివి. నేను చూసినా కదా. నీకు కష్టంగా ఉంటాదని..."

"పువ్వులకు కాదప్పా." ఆమె గొంతులో కోపం లేదు. చిన్నపిల్లవాడికి దారి చెప్పినట్లు చెప్పింది. "ఆయమ్మ వీధంతా నవ్వుకుంటా వస్తాది. మన గడప కాడ నన్ను చూస్తూనే నోరు మూసుకుంటాది. బేజారు పడి, బుట్ట మీద గుడ్డ కప్పేస్తాది. నేను లేకుంటే అమ్మతో నాలుగు మాటలు చెప్పి పోతాది. అమ్మకు మాత్రం మాట్లాడే వాళ్ళెవురుండారు? అందుకని పోయేదాన్ని."

"మరి కనకాంబరాలు ఇచ్చేస్తే ఏమీ అనలేదే?"

"నా పెళ్ళికి ముందు నేను నాటిన చెట్లు అవి. నువ్వు అప్పుడు చిన్నోనివి." చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన వేసింది. "పోనీలే. నువ్వు మంచికే చేసినావు. పో, రాసుకో. ఈ పొద్దు ఎన్ని?"

పద్నాలుగు అని నేను చెప్పలేదు.

ఆ శనివారం పేజీలో, అక్కతో మాట్లాడకముందే రాసిన వాక్యం ఉంది: "మిద్దెపైన మరచిన కుండీలు రెండు దొరికినవి. పూలవెన్నులు తీసితిని. పద్నాలుగు." కింద ఇంకేమీ లేదు.

పెద్దబావ వచ్చాడు. పొద్దుటి రైలు. రేకుపెట్టె నేను మోశాను. స్టేషనులో అక్క నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని, రెండో కణుపు చూపించింది. "ఇంతవరకు గుచ్చి చూడు. తడి తగిలితే పొయ్యొద్దు. నీ పుస్తకం చూసి పొయ్యొద్దు." ఆమె కొంగు చివర ఏ ముడీ లేదు.

ఆ తర్వాత శనివారాలు నేను గిల్లలేదు. ఆ రెండు కుండీలూ తొట్టిలోనే మళ్ళీ చిగిర్చి, మళ్ళీ వెన్నులు వేశాయి. మాఘమాసానికి తొడిమలు ఎండితే, కింద కాగితం పరిచి మెల్లగా తట్టాను. ఆవాల్లో సగం కూడా లేని నల్లటి నలుసులు రాలాయి. పొట్లం కట్టి, దారం చుట్టి, ఉత్తరంతో పంపాను. ఎప్పుడు చల్లాలి, ఎలా చల్లాలి, ఎంత నీడ ఉండాలి, వరస నంబర్లు వేసి పన్నెండు సూచనలు రాశాను. ఆమెకు అవన్నీ తెలుసు.

జవాబు కార్డు వచ్చింది. "విత్తనములు అందినవి. ఇక్కడ నీళ్ళు దూరము నుండి మోయవలెను. పిల్లలు క్షేమము. నీవు వేళకు తినుచుండుము." అంతే.

తర్వాత ఆ ఊరు వెళ్ళి ఆమెను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ పొయ్యి ముందే. చిన్నపిల్ల ఆమె చంకలో ఉంది, మిగతా ఇద్దరూ కొంగు పట్టుకుని ఉన్నారు. పెరడంతా ఎండిన నేల, మూలన నీళ్ళగాబు, అంతే. విత్తనాల మాట నేను ఎత్తలేదు. ఆమే నవ్వుతూ అడిగింది, "ఏమప్పా, ఇంకా సుద్దగీతలు గీస్తాండావా?"

"లేదక్కా."

"గియ్యి. అమ్మకు కడిగేకి పని ఉండొద్దా?"

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది ఆమెకు విషజ్వరం వచ్చింది. తంతి అంది నేను అక్కడికి వెళ్ళేసరికే అయిపోయింది. కర్మలు ముగిశాక పెద్దబావ రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. ఆయన మంచివాడే. పిల్లలు ఏడ్చారు. పెట్టెలో రెండు తెల్లచీరలు, ఒక దువ్వెన, నా ఉత్తరం. ఉత్తరం మడతలో పొట్లం. దారం నేను వేసిన ముడితోనే ఉంది.

ఇంటికి తెచ్చి, ఆకు ఎరువు జల్లెడ పట్టి, పైన చల్లాను. మన్ను కప్పలేదు. వెలుగు తగిలేచోట పెట్టాను. నాలుగేళ్ళ విత్తనం, ఆశ పెట్టుకోవద్దని ముసలాయన అన్నాడు. రెండు వారాలు ఏమీ లేదు. మూడో వారంలో రాసుకున్నాను: "ఒకటి మొలచినది."

నాలుగు ఆకులు వేసేదాకా రంగు తెలియదు. రోజూ తిరగేసి అడుగు చూసేవాణ్ణి. నాలుగు వేసింది, ఆరు వేసింది. ఒట్టి పచ్చ. వంకాయ రంగు లేదు, అంచు లేదు, ఎక్కడా ఒక చుక్క కూడా లేదు. ముసలాయన వచ్చి వంగి చూశాడు.

"అడివి రకానికి తిరిగిపోయిందప్పా. ఇది పనికిరాదు. పీకేసి, కుండీ వేరేదానికి పెట్టుకో."

పీకలేదు. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూసి నీళ్ళు పోశాను. వాన కాలం వెళ్ళేటప్పుడు అది వెన్ను వేసింది, నీలంగా పూసింది. తొట్టి మీది ఆకాశంలోంచి తేనెటీగలు దిగేవి. ఆ మధ్యాహ్నాల్లో పూలామె వచ్చేది, గడప మీద కూర్చుని అమ్మతో చాలాసేపు మాట్లాడేది. నేను లోపలే ఉండి ఆ మాటలు వినేవాణ్ణి. ఆకులు చిక్కాయి, పచ్చ వెలిసింది. పుష్యమాసంలో మొక్క నిలువునా ఎండిపోయింది.